కథలు ఎవరు చదువుతున్నారు, ఎవరికోసం రాస్తున్నాం?

కొర్లగుంట పాఠకుడు | శనివారం సాయంత్రం 6:10

తెలుగులో కథలు రాసేవాళ్లు, చదివేవాళ్లు ఒకరే అయిపోయారని నా అనుమానం. తిరుపతిలో ఏ పుస్తకావిష్కరణకు పోయినా వేదిక మీద ఉండేదీ రచయితలే, కింద కుర్చీల్లో ఉండేదీ రచయితలే. ఈ వారం శాలువా కప్పించుకున్నాయన వచ్చే వారం ఇంకొకరికి కప్పుతాడు. పుస్తకాలు చేతులు మారతాయి గానీ డబ్బులు మారవు. జేబులోంచి డబ్బు తీసి కొనుక్కుని, ఇంటికెళ్లి, ఎవరికీ చెప్పకుండా చదువుకునే మనిషి నాకు కనబడడం లేదు.

మా చిన్నప్పుడు వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. నవలను రోజు అద్దెకు తెస్తే ఇంట్లో ఆడవాళ్లు వంతులేసుకుని చదివేవాళ్లు. వారపత్రిక ముందు ఎవరింటికి వస్తుందో కనుక్కుని అక్కడికి పోయేవాళ్లం. సీరియల్ పేజీలు చించి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసిన నవలలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. చతుర నెలకొక నవల ఇచ్చేది. విపుల వేరే భాషల కథల్ని తెలుగులో ఇంటికి తెచ్చేది. నాలుగు దశాబ్దాలు నడిచిన ఆ రెండూ 2021లో ఆగిపోయాయి. ఇప్పుడు ఆదివారం అనుబంధంలో ఒక్క కథ, దానికీ పదాల పరిమితి. ఆ పేజీన్నరలోనే మనిషి పుట్టాలి, పెళ్లి చేసుకోవాలి, తప్పు చేయాలి, పశ్చాత్తాపపడాలి.

నేనూ రాస్తాను. ఫేస్‌బుక్‌లో కథ పెట్టిన నిమిషంలోపే ‘అద్భుతం సార్’ అని వస్తుంది. ఆ కథ చదవడానికి పది నిమిషాలైనా పడుతుంది మరి! అందుకే సూటిగా అడుగుతున్నా. మీలో ఎవరైనా, తెలిసినవాళ్లు రాసినవి కాకుండా, ఈ మధ్య కథగానీ నవలగానీ చదివారా? ఎక్కడ చదివారు?


ఎస్వీయూ స్కాలర్ | శనివారం సాయంత్రం 7:25

సార్, నమస్తే. తెలుగు కథ మీదే పరిశోధన చేస్తున్నా, కాబట్టి కొంచెం అడ్డం తిరుగుతా.

మీరు చెప్పే కాలం 60ల నుంచి 80ల దాకా. ఇంటింటికీ టీవీ రాలేదు. చదువుకున్న ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో తయారయ్యారు. మధ్యాహ్నం పూట వాళ్ల చేతికి దొరికిన వినోదం వారపత్రికే. ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చిన ముప్పై ఏళ్లను పట్టుకుని, కథంటే ఎప్పుడూ అట్లాగే ఉండాలనుకుంటే ఎట్లా? భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో, గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో అచ్చయ్యాయి. అప్పుడు అక్షరాలు వచ్చినవాళ్లే కొద్దిమంది, అందులో పత్రికలు తెప్పించుకునేవాళ్లు ఇంకా కొద్దిమంది. తెలుగు కథ మొదలైందే చిన్న గుంపులో.

మన జిల్లా మనిషినే తీసుకోండి. మధురాంతకం రాజారాం గారు (1930–1999) బడిపంతులుగా పనిచేస్తూ, దామలచెరువులో ఉంటూ వందల కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన కథల్లో కనబడే రైతులు, కూలీలు ఆ కథలు చదివి ఉంటారంటారా? చాలామంది చదివి ఉండరు. ఆయన రాయడం మానలేదు గదా.

ఇంకొకటి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం పెట్టారు. అక్కడి పాత పత్రికల కథలు ఇప్పుడు స్కాన్ అయి నెట్‌లో ఉన్నాయి. 50ల నాటి కథను హాస్టల్ గదిలో పడుకుని ఫోన్‌లో చదువుతున్నా. మా గైడ్ గారి తరంలో అయితే దానికోసం రైలెక్కి శ్రీకాకుళం పోవాల్సిందే. చదవడానికి ఇంత వీలు ఎప్పుడూ లేదు సార్.


డీటీపీ బాబు | శనివారం రాత్రి 8:02

నేను రాతగాణ్ని కాదు. బాలాజీ కాలనీ పక్క డీటీపీ చేసుకుంటా ఉంటాను. ఊళ్లో అచ్చయ్యే కథల పుస్తకాలు కొన్ని నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి చెప్తున్నా.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకు, మిషన్ ఎక్కించడానికి అయ్యే ఖర్చు వంద కాపీలేసినా అంతే, వెయ్యేసినా అంతే. అందుకే రచయితలు వెయ్యి కాపీలకు తెగించేవాళ్లు. పీఎఫ్ డబ్బు తీసి వేసుకున్న సార్లను చూశాను. రెండు వందలు పంచుతారు, వంద అమ్ముతారు, మిగతావి మంచం కింద. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక యాభై కాపీలైనా వేసుకోవచ్చు. కాపీకి రేటు ఎక్కువ పడుతుంది గానీ మంచం కింద ఏమీ ఉండదు. అయిపోతే మళ్లీ వేయిస్తారు. ‘వెయ్యి కాపీలు వేసేవాళ్లం, ఇప్పుడు వందకు దిగజారాం’ అని ఏడ్చేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

అసలు తలనొప్పి వేరే ఉంది. పాత పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టినవి. అవి యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగా కనబడే కోడ్ కాదు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఈ-బుక్ చేయాలంటే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు ఎక్కడెక్కడికి ఎగిరాయో వెతుక్కుంటూ అక్షరం అక్షరం దిద్దాలి. ‘ఫైల్ ఉంది గదా బాబూ, ఆన్‌లైన్‌లో పెట్టెయ్’ అంటారు. ఫైల్ ఉంది సార్. తెలుగే లేదు అందులో.


వెన్నెల చిత్తూరు | శనివారం రాత్రి 11:48

మొదటి పోస్టులో సార్ అడిగిన పాఠకులు నా దగ్గర ఉన్నారు. ఎక్కడికీ పోలేదు.

నేను చిత్తూరులో ఉంటాను. ఒక కథల యాప్‌లో సీరియల్స్ రాస్తాను. ఏ యాప్ అనేది ఇప్పుడు ముఖ్యం కాదు. పిల్లలు పడుకుని, పొద్దున్నే టిఫిన్‌కి పిండి రుబ్బి పెట్టాక, రాత్రి పదకొండుకు ఫోన్ పట్టుకుంటాను. కంప్యూటర్ లేదు. గూగుల్ కీబోర్డులోనే మొత్తం రాస్తాను. చేయి నొప్పి పుడితే మైకు నొక్కి గుసగుసగా చెప్తాను, టైప్ అయిపోతుంది. కొంచెం గట్టిగా అంటే మా అత్త లేస్తుంది.

చదివేవాళ్లు ఎవరంటారా? నైట్ డ్యూటీ నర్సులు. చీరల షాపుల్లో సేల్స్ అమ్మాయిలు. హాస్టల్ పిల్లలు. గల్ఫ్‌లో ఇళ్లలో పనిచేసే మన కడప, చిత్తూరు ఆడవాళ్లు. పేరు పెట్టకుండా కామెంట్ రాస్తారు, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ తెలీదు. ఒకామె మెసేజ్ పెట్టింది, ‘అక్కా, బాత్రూంలో కూర్చుని చదువుతున్నా, త్వరగా నెక్స్ట్ పార్ట్ పెట్టు’ అని. ఎవరికీ చెప్పకుండా చదువుకునే మనిషి కనబడలేదన్నారు గదా సార్, ఎవరికీ చెప్పలేదు కాబట్టే మీకు కనబడలేదు.

కష్టాలు లేవని కాదు. భాగం చివర ఏదో ఒకటి జరగాలి, లేకపోతే రేపు రారు. కొన్ని భాగాలకు తాళం వేస్తారు, డబ్బు కట్టిన వాళ్లకే ముందు తెరుచుకుంటాయి. అందులో మాకు కొంత వస్తుంది. ఒక నెల కరెంటు బిల్లు, పాల బిల్లు కట్టేంత వస్తుంది, ఒక నెల రీచార్జికి సరిపోతుంది. రెండు రోజులు రాయకపోతే లిస్టులో కిందికి పడిపోతాం. జ్వరమొచ్చినా రాయాలి. హీరో కోటీశ్వరుడు కాకపోతే కవర్ బొమ్మ మీద కూడా నొక్కరు. ఇదంతా నాకు తెలుసు.

కానీ మా ఊళ్లో జరిగే ఒక్క సభకు కూడా నన్నెవరూ పిలవలేదు. పిలవాలని కాదు. పాఠకులు లేరని అక్కడ బాధపడుతుంటారని ఇక్కడ చదివితే నవ్వొచ్చింది, అంతే.


కత్తెర | ఆదివారం ఉదయం 7:15

నవ్వుకోండి మేడమ్. కానీ కోటీశ్వరుడు, వాడి కోపం, బలవంతపు పెళ్లి, చెంపదెబ్బ తర్వాత ప్రేమ, దీన్ని కథ అని మేం ఒప్పుకోవాలా? చదివేవాళ్లు ఎక్కువైతే సాహిత్యం అవుతుందా? అట్లయితే రాశిఫలాలకు కూడా అవార్డు ఇవ్వాలి.


ఎస్వీయూ స్కాలర్ | ఆదివారం ఉదయం 8:40

కత్తెర గారూ, యద్దనపూడి సులోచనారాణి గారి తరాన్ని విమర్శకులు ‘వంటింటి సాహిత్యం’ అని ఇట్లాగే ఎత్తిపొడిచారు. ఇప్పుడు వాళ్ల నవలల మీద మా డిపార్ట్‌మెంట్లలో సిద్ధాంత గ్రంథాలు రాస్తున్నారు. అవన్నీ గొప్పవని నేనూ అనను. చదవకుండా తీసిపారేయడం మాత్రం మనకు పాత అలవాటే.

సీరియల్ అంటే ఎందుకంత చులకనో కూడా అర్థం కాదు. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధని పత్రికలో విడతలు విడతలుగా మొదలై, 1880లో పుస్తకమైంది. తెలుగు నవల పుట్టుకే సీరియల్. అప్పుడు తర్వాతి సంచిక దాకా ఆగేవాళ్లు, ఇప్పుడు రాత్రి దాకా ఆగుతున్నారు.


లెక్చరరమ్మ | ఆదివారం ఉదయం 10:30

నేను ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తాను. ‘పిల్లలు చదవరు’ అనే మాట స్టాఫ్ రూమ్‌లో రోజూ వింటాను. నా చూపు వేరు. వాళ్లు చదువుతూనే ఉంటారు, తెలుగు లిపిలో చదవరు. తెలుగు కథను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకుంటారు. మా క్లాసు అమ్మాయి ఒకతి తన సొంత దెయ్యం కథ అట్లాగే రాసింది. తలకోన జలపాతానికి పిక్నిక్ పోయిన బ్యాచ్‌లో ఒకరు ఎక్కువగా తిరిగొస్తారు, బస్సులో తలలు లెక్కపెడితే ఒక తల ఎక్కువ వస్తుంది. ఎంత బాగుందో! దాన్ని తెలుగు లిపిలో రాసివ్వమంటే ‘మేడమ్, అప్పుడు అది తెలుగు పరీక్ష అయిపోతుంది’ అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. తెలుగు లిపి అంటే పిల్లలకు గుర్తొచ్చేది ప్రతిపదార్థం, సందర్భ సహిత వ్యాఖ్య, మార్కులు. జైలుగది లాంటి ఆ సిలబస్‌లో మనం పెట్టి చూపిస్తే కథ మాత్రం ఏం చేస్తుంది? జిల్లా గ్రంథాలయానికి తీసుకెళ్దామంటే రీడింగ్ రూమ్ నిండా గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షకి, డీఎస్సీకి చదివే పిల్లలే. వాళ్లను తప్పు పట్టను, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చదువుకునే వీలు లేకే వస్తారు. కథల బీరువాకు మాత్రం తాళం. మన ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద కడుతున్నామని ఎంతమందికి తెలుసు? తెలిస్తే బీరువా తాళంచెవి అడగడానికి కొంచెం ధైర్యం వస్తుంది.


జేజి మనవడు | ఆదివారం మధ్యాహ్నం 1:05

పుత్తూరు పక్క పల్లె మాది. నాది ఒకటే గొడవ. చదివేవాళ్లు లేరని ఏడుస్తా ఉండారు, సరే. మీరు రాసే పల్లె ఎక్కడుంది? నాకైతే అడ్రసు దొరకలా.

మీ కథల్లో ఇంకా ఎద్దులతో బావినీళ్లు తోడే కపిల తోల్తా ఉంటారు. ఎద్దుల బండి గంటల చప్పుడు, వేపచెట్టు కింద అరుగు, కొడుకు అమెరికాలో, తల్లి వాకిట్లో. మా పల్లెలో ఎద్దు కనబడి ఎన్నాళ్లయిందో. వెయ్యి అడుగులు దింపినా బోరులో దుమ్ము వస్తుంది. తోతాపురి మామిడికాయ కోసి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్లలో రాత్రంతా లైను కట్టి, లోపలికి పోయేసరికి రేటు పడిపోయి ఉంటుంది. ఆ లైనులో జరిగే మాటలు ఎవురన్నా రాసినారా? పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగితే, తోటకు కాపలా పడుకునే ఆయప్పకు రాత్రి ఎట్లుంటుంది? తెల్లవారక ముందే సత్యవేడు పక్క శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సెక్కే ఆడపిల్లలు, షిఫ్టు దిగి వచ్చి జీతంలో నాయనకు ఎంత చెప్పాలి, ఎంత దాచాలి అని లెక్కేసుకునే పిల్లలు, వాళ్ల కథ ఏది?

తిరుపతి టౌను కూడా అంతే. కథలో తిరుపతి వస్తే గోవిందనామాలు, మొక్కు, కొండ మీద ఎవరో తప్పిపోయి దొరకడం. ఇక్కడ బతికే మనుషులు లేరా? లాడ్జి రూమ్ బాయ్, కల్యాణకట్టలో రోజూ గుండ్లు గీసే మనిషి, రాత్రి రెండింటికి రైల్వేస్టేషన్ ముందు జీపుకు మనుషుల్ని పిలిచే పిల్లోడు. వాళ్లకు దేవుడు ఆఫీసు పక్కిల్లు. ఆ సంగతి రాసి చూడండి, ఎవురు చదవరో నేనూ చూస్తా.


పలమనేరు టు బెంగళూరు | ఆదివారం మధ్యాహ్నం 2:20

జేజి మనవడు అన్నకు దండం. ఏనుగుల సంగతి నిజం. మా పెదనాయన టపాకాయలు తలగడ కింద పెట్టుకుని పడుకుంటాడు.

నేను చదవను, వింటాను. శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కితే చెవిలో కథ మొదలవుతుంది. కోలార్, ముళబాగల్ దాటేసరికి ఒకటి రెండు కథలు అయిపోతాయి. కంటితో చదివేటప్పుడు నచ్చిన కొన్ని కథలు చెవితో వింటే నిలబడలేదు. నాలుగు లైన్ల వాక్యం రాసుంటారు, క్రియ వచ్చేలోపు ఎవరు ఏం చేశారో మర్చిపోతాను. వర్ణన పేజీ నడుస్తుంటే టోల్‌గేట్ లైట్ల వైపు చూస్తూ ఉండిపోతాను. అదే మా వైపు యాసలో సంభాషణ వస్తే, పక్క సీటాయన కూడా ఒక ఇయర్‌ఫోన్ అడిగాడొకసారి. మన కథ మొదట నోటితో చెప్పినదే కదా. ఆడియోకు కథ ఇచ్చే ముందు రచయితలు ఇంట్లో ఒకసారి పైకి చదువుకుంటే చాలు, ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ కొట్టేయొచ్చు.

నాకొక ఫిర్యాదు ఉంది. ఆడియోల్లో పాత కథలే ఎక్కువ. ఐటీ ఉద్యోగం పోయి, ఇంట్లో చెప్పకుండా లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని రోజూ బయటికి పోయే మనిషి కథ ఉంటే ఎవరైనా చెప్పండి.


కత్తెర | ఆదివారం సాయంత్రం 5:50

నన్ను అందరూ తిట్టారు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను.

ఒక పోటీకి వచ్చిన కథల్ని మొదటి వడపోత పోసే పని నాది. ఏ పోటీ అన్నది అడగొద్దు. ఈసారి కట్టలో ఏఐతో రాయించినవి బోలెడు. ఎట్లా తెలిసిందంటారా? ఒక్క అచ్చుతప్పు లేదు. ఒక్క తిట్టు లేదు. వాక్యాలన్నీ ఒకే ఎత్తు. పల్లెటూరు ఉంటుంది, ఊరి పేరు ఉండదు. ఉన్నా ఆ ఊళ్లో ఏం పండుతుందో ఉండదు. నాయనమ్మ ఉంటుంది, ఆమె నోరు తెరిస్తే జీవితసత్యమే. ట్రంకు పెట్టెలో పాత ఉత్తరం. చివర్లో వాన. కొడుకు కళ్లు చెమర్చాయి. ఒక కథలో సంక్రాంతికి మామిడిపళ్లు కోశారు. చిత్తూరు జిల్లాలో జనవరిలో మామిడిపళ్లు! పూత కూడా సరిగ్గా రాదు అప్పటికి.

అక్కడిదాకా పట్టేశానని సంతోషంగానే ఉంది. తర్వాత భయమేసింది. వీటి పక్కనే మనుషులు రాసినవి పెట్టి చూశాను. మా సీనియర్ రచయితలవి, నాకు దస్తూరీ కూడా తెలిసినవాళ్లవి. అదే నాయనమ్మ. అదే ట్రంకు పెట్టె. అదే వాన. యంత్రం ఎక్కడ నేర్చుకుంది మరి? మనం ముప్పై, నలభై ఏళ్లుగా పోటీ కథకు అచ్చు పోసి పెట్టాం. ఇతివృత్తం ‘మానవ సంబంధాలు’, నిడివి ఇంత, సందేశం తప్పనిసరి. ఆ అచ్చులో పోసేది ఎవరైతేనేం?

జేజి మనవడు చెప్పిన ఫ్యాక్టరీ గేటు లైను మాత్రం ఏ యంత్రమూ ఇంతవరకు నాకు రాసి పంపలేదు. మనుషులూ పంపలేదు.


లెక్చరరమ్మ | ఆదివారం సాయంత్రం 6:15

కత్తెర గారూ, సంక్రాంతి మామిడిపళ్లకు పడీపడీ నవ్వాను. కానీ అచ్చుతప్పు లేకపోవడం గుర్తు అంటే మా క్లాసులో బాగా రాసే నలుగురు పిల్లలు కూడా దొరికిపోతారు. దయచేసి దాన్ని మాత్రం కొలతగా పెట్టుకోకండి. అనుమానం వస్తే రచయితకు ఫోన్ చేసి, కథలో లేని ప్రశ్న ఒకటి అడగండి. ఆ నాయనమ్మ ఏ కూర బాగా చేసేది అని. రాసినవాళ్లకు తెలుస్తుంది.


కొర్లగుంట పాఠకుడు | సోమవారం రాత్రి 9:30

వెన్నెల గారి సీరియల్ మా కోడలు ఫోన్‌లో దొరికింది. ఆమె కూడా పాఠకురాలే అని ఈ ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటిదాకా వచ్చిన భాగాలన్నీ చదివాను. అమ్మా, మొహమాటం లేకుండా చెప్తాను.

మీ హీరో ఒట్టి బొమ్మ. బంజారాహిల్స్, నల్ల కారు, కిటికీ వైపు తిరిగి నిలబడటం. అతను మాట్లాడేటప్పుడు మీ తెలుగు డబ్బింగ్ తెలుగు అయిపోతుంది. చెంపదెబ్బను ప్రేమగా చూపించిన భాగం నాకు అసలు నచ్చలేదు. అక్కడ కత్తెర గారితో నేను ఏకీభవిస్తాను.

కానీ హీరోయిన్ మేనత్త మంగత్త ఉంది చూశారా, ఆమె దగ్గర ఆగిపోయాను. చిత్తూరులో చీరల షాపులో పని. కూతురి కాలేజీ ఫీజుకు తన గొలుసు తాకట్టు పెట్టింది. మొగుడికి చెప్పలేదు. అసలు కట్టలేక ప్రతిసారీ వడ్డీ మాత్రం కట్టి, రసీదు తిరగరాయించుకుని వస్తుంది. రసీదును చౌక డిపో కార్డు మడతలో పెడుతుంది, ఎందుకంటే ఆ కార్డు మొగుడు ఎప్పుడూ ముట్టుకోడు. పెళ్లికి పోవాల్సి వస్తే రోల్డ్‌గోల్డ్ గొలుసు వేసుకుని, లైట్ల కింద కూర్చోకుండా మూలకు జరుగుతుంది. ఆ ‘మూలకు జరగడం’ దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరకే కూర్చున్నాను. మీ హీరోకి ఇచ్చిన స్థలంలో పదో వంతు కూడా ఆమెకు ఇవ్వలేదు మీరు. ఎందుకు? ఆమె మీద విడిగా కథ రాయొచ్చు గదా?


వెన్నెల చిత్తూరు | సోమవారం రాత్రి 11:35

సార్, మొత్తం చదివారా! మీ కోడలికి థాంక్స్ చెప్పండి, ఫోన్ తీసుకున్నందుకు సారీ కూడా చెప్పండి.

చెంపదెబ్బ గురించి నా పాఠకులే తిట్టారు. తర్వాతి భాగాల్లో హీరోయిన్ ఇల్లు వదిలిపోయింది చూశారు గదా, అది ఆ తిట్ల వల్లే. వారపత్రిక కాలంలో ఉత్తరం రాస్తే అచ్చయ్యేసరికి నెల, ఇక్కడ పదిహేను నిమిషాల్లో తేల్చేస్తారు. అది ఒక్కోసారి మంచిది, ఒక్కోసారి రాయాలనుకున్నది రాయనివ్వదు.

మంగత్తను విడిగా రాశాను సార్. ఒక పత్రికకు పంపాను. పదాలు ఎక్కువయ్యాయని కోసి పంపాను. జవాబు రాలేదు. యాప్‌లో విడిగా పెడితే ఎవరూ నొక్కలేదు, బొమ్మ మీద కోటీశ్వరుడు లేడు కాబట్టి. అందుకే కోటీశ్వరుడి ఇంట్లోకి తెచ్చి పెట్టాను. నల్ల కారు కోసం వచ్చినవాళ్లు మంగత్తను చూసి ఆగారు. రసీదు భాగానికి వచ్చినన్ని కామెంట్లు హీరో పెళ్లికి రాలేదు. ఒకామె బియ్యం డబ్బాలో దాస్తుందట. ఒకామె పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం వెనకాల. ఇంకొకామె ‘నాది వేలానికి పోయింది, నువ్వైనా మంగత్తది విడిపించు’ అని రాసింది.

రేపు రాత్రి భాగంలో వేలం నోటీసు వస్తుంది. పోస్టుమ్యాన్ దగ్గర మొగుడే తీసుకుంటాడు.


డీటీపీ బాబు | సోమవారం రాత్రి 11:50

అమ్మా, సీరియల్ అయిపోయాక మంగత్త భాగాలు మాత్రం తీసి పంపండి. మీది యూనికోడే కాబట్టి నాకు దిద్దే పని లేదు. యాభై కాపీలు వేద్దాం, నా కూలీ అమ్ముడయ్యాకే.


జేజి మనవడు | మంగళవారం ఉదయం 6:20

డబ్బు అడగని డీటీపీ తిరుపతిలో ఉందా? అడ్రసు పెట్టన్నా.


కొర్లగుంట పాఠకుడు | మంగళవారం ఉదయం 7:00

వెన్నెల గారూ, నోటీసు మొగుడి చేతికి పోవడం బాగుంది. అయితే ఆ తర్వాత హీరో వచ్చి గొలుసు విడిపించేస్తాడేమో అని నా భయం. అట్లా చేస్తే అప్పటిదాకా కథలో కట్టుకొచ్చినదంతా పోతుంది. అతను విడిపిస్తానని వచ్చినా మంగత్త వద్దనాలి. ఇన్నేళ్లు ఎవరి ముందూ చేయి చాచని మనిషి ఆమె. అది ఆమె అభిమానం.


వెన్నెల చిత్తూరు | మంగళవారం ఉదయం 7:12

వద్దనదు సార్. కూతురు పెళ్లికుంది. గొలుసు ఎవరు తెచ్చిచ్చినా తీసుకుంటుంది. తీసుకుని, అది తనదేనా కాదా అని కొక్కెం దగ్గర గుర్తు చూసుకుంటుంది. హీరో విడిపిస్తాడా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు, టిఫిన్లు అయ్యాక ఆలోచిస్తాను.